విడిచిన చెప్పులు

గుడ్డపేలిక మీద నాలుగు చుక్కల ఆముదం వేసుకుని ఎల్లస్వామి ఎడమ బూటు మడమను రుద్దుతున్నాడు. కుడిది అప్పటికే అయిపోయింది. తోలు మెత్తబడితే వేలితో నొక్కినప్పుడు కిందికి దిగి మళ్లీ మెల్లగా పైకి లేవాలి. ఇది దిగడం లేదు. "నీకేం రోగమే" అని దాన్ని తిట్టుకుంటూ ఇంకో చుక్క వేశాడు. రుద్దుతున్నాడు గానీ చెవులు మాత్రం బయటి గేటు దగ్గరే ఉన్నాయి.

మానుకోట ఐటిఐలో ఫిట్టర్ వర్క్‌షాపుకు అతను అటెండరు. పొద్దున తలుపు తీయడం, బెంచీల మీది ఇనుప రజను ఊడ్చడం, పిల్లలకు ఇనుము రాకే ఆకురాళ్లు ఇవ్వడం, సాయంత్రం అవన్నీ తీసుకుని తాళం వేయడం. ఇంతే అతని కొలువు. బక్కపలచని మనిషి. ఎన్నో ఏళ్లుగా వంగి ఊడ్చీ ఊడ్చీ నడుము కొంచెం ముందుకే ఉండిపోయింది. వేళ్ల సందుల్లో ఇనుప మరక ఎంత కడిగినా పోదు. ఈ నెలాఖరుకు కొలువు దిగిపోతున్నాడు. దిగిపోతున్నాడన్న సంగతి ఆఫీసులో గుమస్తాకు తప్ప ఎవరికీ పట్టలేదు. పట్టాలని అతనూ అనుకోలేదు.

ఆ రోజు తెలంగాణ బందు. పిల్లలు లేరు, సార్లు లేరు. తాళంచెవి తన దగ్గర ఉంది గనక తనొక్కడే వచ్చాడు.

బూట్ల సంగతి అతనికి ఎవరూ అప్పజెప్పిన పని కాదు. ఊళ్ల నుంచి, తండాల నుంచి వచ్చే పిల్లలు రెండేళ్లు హవాయి చెప్పులతోనే చదువు వెళ్లదీస్తారు. తీరా కార్ఖానా వాళ్లు పనిపరీక్షకు పిలిచిన రోజున, ముందర ఇనుప టోపీ ఉన్న బూట్లు తొడుక్కుని పొద్దుననగా బెంచీ ముందు నిలబడాలి. ఎన్నడూ ఎరగని కాళ్లు మధ్యాహ్నానికి పొక్కులెత్తి పగులుతాయి. నొప్పికి ఒళ్లు ఒక పక్కకు ఒరుగుతుంది, ఒరిగితే ఆకురాయి ఒరుగుతుంది, ఇనుము వంకర తెగుతుంది. పనొచ్చిన పిల్లగాణ్ణి 'చేతగాని వాడు' అని పంపించేస్తారు. ఇలా కుంటుకుంటూ తిరిగొచ్చిన వాళ్లను చూసీ చూసీ ఎల్లస్వామి ఉండబట్టలేకపోయాడు. భూపాలపల్లిలో బొగ్గుబాయి మనుషులు వాడి పారేసిన బూట్లను తనకు వరసకు చెల్లెలయ్యే భూలక్ష్మి చేత ఏరించి తెప్పించాడు. కుట్లు వేయించి, ఆముదం పట్టించి, అలమర పైఅరలో పెట్టాడు. అప్పటి నుంచి పరీక్షకు పోయే పిల్లలు నెల ముందు నుంచీ అవి తొడుక్కుని తిరగాల్సిందే.

తొడుక్కున్న వాళ్లు చెప్పులు వర్క్‌షాపు గడప దగ్గర విడిచేవాళ్లు. మొదట్లో ఎవడో ఒకడు అలా విడిచి పోయి, కొలువు దొరికి, చెప్పుల ఊసే మరిచిపోయాడు. తరవాతి వాడు జాగ్రత్తపరుడు, చెప్పులు సంచిలో పెట్టుకుని పోయాడు. వారం తిరక్కుండా తిరిగొచ్చాడు. ఇంకేం, పిల్లలు దాన్నొక ఆచారం చేసి పెట్టారు. చెప్పులు గడప దగ్గరే విడవాలి. కొలువు దొరికితే వాటి కోసం రాకూడదు. దొరకని వాడే వచ్చి తొడుక్కుని పోవాలి. ఎల్లస్వామి ఇదంతా పిచ్చి అని నవ్వేవాడు. నవ్వేవాడే గానీ, ఎవరైనా పరీక్షకు పోయిన వారమంతా పొద్దున తాళం తీయకముందే గడప వంక చూసేవాడు.

ఈసారి గడప దగ్గర ఉన్నవి నీలం రంగు చెప్పులు. తెగిన పట్టీకి కింద పిన్నీసు. జమునవి. నెలంతా బూట్లతో తిరిగి, ఇంటికి పోయేముందు ఆముదం పట్టించమని వాటిని ఇచ్చి, చెప్పులు ముట్టకుండా వట్టికాళ్లతోనే పోయింది.

జమునది కొత్తగూడ అవతల అడవిలో తండా. ఫిట్టర్ ట్రేడులో ఒక్కతే ఆడపిల్ల. చేరిన కొత్తలో మగపిల్లలు "రొట్టెలు చేసుకోక ఇనుము రాకుడేందే" అని ఆట పట్టించారు. ఆమె బెంచీ ముందు నిలబడి రాకుతూనే ఉంది. రాకగా రాకగా వాళ్లే నోరు మూసుకున్నారు. ఆమె కాలికి సరిపడే బూటు ఎక్కడా దొరక్కపోతే ఎల్లస్వామి ముందు భాగంలో గుడ్డ కుక్కి ఇచ్చాడు. భూపాలపల్లిలో ఓ కార్ఖానా వాళ్లు అప్రెంటిసులను తీసుకుంటున్నారు. పరీక్ష రేపు పొద్దున. గేటు వేశాక వచ్చిన వాళ్లను రానివ్వరు. తండాలో ఆమె తల్లి, గోరీ, అప్పుడే పెళ్లి మాట ఎత్తింది. ఈ పరీక్ష తప్పితే మళ్లీ ఏడాదికి గాని పిలుపు రాదు. ఏడాది దాకా ఆ తల్లి ఆగేది లేదు.

అలాంటప్పుడు ఈ పాటికి ఆ పిల్ల భూపాలపల్లిలో భూలక్ష్మి ఇంట్లో ఉండాలి. ఎల్లస్వామి ఎవరినైనా వారం ముందే పంపిస్తాడు. ఈ ఒక్కసారే తప్పాడు. ఎందుకు తప్పాడంటే, నెల మొదట్లో ఢిల్లీ నుంచి తెలంగాణ ఇస్తున్నామన్న ప్రకటన వచ్చింది. మానుకోట మానుకోటంతా పటాకులు కాల్చింది. ఎన్నడూ నలుగురిలో చెయ్యెత్తని ఎల్లస్వామి కూడా రంగు పూయించుకుని, ఇంటికొచ్చి భార్య సత్తమ్మ నోట్లో మిఠాయి పెట్టాడు. ఆ ఊపులోనే జమునతో అన్నాడు: "ఇగ బందులు లేవు, లొల్లి లేదు బిడ్డా. ఇంటికాడ నాలుగొద్దులుండి, ముందురోజు బస్సెక్కి పో." రెండు వారాలు తిరక్కుండానే ఆ మాట వెనక్కి పోయింది. నోటికాడి బుక్క గుంజుకున్నట్టయింది జనానికి. మళ్లీ బందులు, మళ్లీ ధర్నాలు. సరిగ్గా ఆ ముందురోజే బందు.

'నా నోటికి తాళమెయ్య. ఎందుకు నమ్మిన, ఎందుకు నమ్మిచ్చిన' అని రాత్రంతా మంచం మీద కాలుగాలిన పిల్లిలా దొర్లాడు. ఎడమ భుజం గుంజుతోందని సత్తమ్మతో అంటే, "ఊరి పిల్లలందరి బరువు నువ్వే మోస్తివి, గుంజదా మరి" అని ఆమె నూనె రాసింది.

గేటు దగ్గర మోటారుసైకిలు చప్పుడైంది. ఎల్లస్వామి బూటు చంకలో పెట్టుకునే లేచాడు. జమున మేనమామ సక్రు బండి నడుపుకుంటూ వచ్చాడు. వెనక జమున, భుజాన సంచి.

"అడవి తొవ్వన వచ్చినం బాపూ," అన్నాడు సక్రు దిగుతూ. "రెండు కాడ చెట్లు కొట్టి అడ్డమేసిన్రు. బండి ఎత్తుకొని దాటినం. ఇదేమన్న పని జరిగే ముచ్చటేనా?"

"జరగాలె," అన్నాడు ఎల్లస్వామి.

జమున గడప మీద కూర్చుని బూట్లు తొడుక్కుంది. లేచి నాలుగడుగులు వేసి చూపించింది. అతను మోకాళ్ల మీద కూర్చుని ఆమె మడమ దగ్గర వేలు పెట్టి చూశాడు. "గుచ్చుతందా?"

"లేదు బాపూ."

"అబద్ధమాడకు."

"జర్రంత," అంది జమున.

జేబులోంచి దూది తీసి మడమ దగ్గర పెట్టాడు. తలుపుకు తాళం వేసి రెండుసార్లు లాగి చూశాడు. "నేను గూడ వస్త. గూడూరు కాడ మనోళ్లే కూసున్నరు, నా మొకం జూసన్న ఇడుస్తరు" అని బండి వెనకాల ఎక్కాడు. ముగ్గురి బరువుకు బండి మూలిగింది. నిజానికి అతని ముఖం చూసి ఎవరైనా ఏదైనా ఇచ్చిన దాఖలా అతని బతుకులో లేదు.

దారిలో అతని మనసు నలభై ఏళ్లు వెనక్కి పోయింది. అప్పుడు అతనికి జమున ఈడు. జనగామ దగ్గరి పల్లె నుంచి వరంగల్ వచ్చి ఫిట్టర్ పని నేర్చుకున్నాడు. చదువు అయిపోయి ఇంటి దగ్గర ఉన్నప్పుడు కాజీపేటలో ఒక కార్ఖానా నుంచి పిలుపొచ్చింది. అప్పుడూ జై తెలంగాణే, అప్పుడూ బందే. రైలు రాలేదు. తెల్లవారుజామున జనగామ స్టేషనులో కాసేపు చూసి చూసి, పట్టాల వెంట నడక మొదలుపెట్టాడు. కంకర మీద నడిచీ నడిచీ చెప్పులు తెగాయి. కాజీపేట చేరేసరికి పొద్దుగూకింది. గేటు వేసి ఉంది. లోపలి నుంచి కావలివాడు చెయ్యి ఊపాడు, పొమ్మని. ఆ చెయ్యి ఎల్లస్వామికి ఇప్పటికీ కలలో కనిపిస్తుంది. తరవాత అటెండరు పని దొరికింది, అందులోనే ఉండిపోయాడు. ఉద్యమం మీద అతనికి కోపం లేదు. మన పిల్లలకు కొలువులు లేవనే కదా ఆ లొల్లి. కానీ కొలువుల కోసం లొల్లి జరిగిన రోజే తన కొలువు పోయింది. ఈ మాట ఎవరితో అన్నా తప్పు పట్టుకుంటారని సత్తమ్మతో తప్ప ఎవరితోనూ అనలేదు.

గూడూరు దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టారు. వంటావార్పు. రోడ్డును ఆపాలంటే రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తినాలి. అన్నం డేగిశాలు పొగలు కక్కుతున్నాయి. ఆడవాళ్లు బారుగా కూర్చుని టమాటలు కోస్తున్నారు. మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నారు. ఎడ్లబండ్లు అడ్డంగా నిలబెట్టి ఉన్నాయి. సక్రు బండి ఆపగానే ఇద్దరు కుర్రాళ్లు వచ్చి తాళంచెవి తీసుకున్నారు.

"భూపాలపల్లి పోవాలె బిడ్డా. పిల్లకు పరీక్ష ఉంది," అన్నాడు ఎల్లస్వామి.

"అందరికి పరీక్షలే. పొద్దున్నుంచి పెండ్లిబండిని గూడ ఆపినం."

ఎల్లస్వామి బతిమాలాడు. అతనికి బతిమాలడం కూడా సరిగా రాదు. చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెప్పాడు. కుర్రాళ్లు విసుక్కుని "రఘునాథన్నను అడుగు పో" అన్నారు.

మైకు దించి వచ్చిన మనిషిని ఎల్లస్వామి గుర్తుపట్టాడు. రఘునాథ్ తన దగ్గర ఆకురాయి పట్టినవాడే. చాలా ఏళ్ల కిందట ఇవే అరలోని బూట్లు తొడుక్కుని పరీక్షకు పోయాడు. పది రోజుల తరవాత వచ్చి, ఎవరినీ పలకరించకుండా, గడప దగ్గరి చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకు కావలి ఉన్నాడని, తిరిగొచ్చి ఉద్యమంలో తిరుగుతున్నాడని విన్నాడు. మనిషి లావెక్కాడు. మెడలో గులాబీ కండువా.

"బాపూ, నువ్వా? ఏందిట్ల వచ్చినవ్?"

ఎల్లస్వామి మళ్లీ చెప్పాడు. రఘునాథ్ చుట్టూ చూశాడు. అందరూ వింటున్నారు.

"నీకు తెల్వనిదేముంది బాపూ. కుండల కూడు కుండల్నే ఉండాలె, బిడ్డ దుడ్డోలె ఉండాలె అంటే ఎట్ల? బందు నడవాలె, మన బండి మాత్రం పోవాలె అంటే ఎట్ల? గిప్పుడు నిన్ను ఇడిస్తే ఆ పెండ్లోళ్లు నన్ను బతకనిస్తరా?"

ఎల్లస్వామి తలవంచుకున్నాడు. పొద్దు నడినెత్తికొచ్చింది. రోడ్డు అవతల వైపు, నర్సంపేట దిక్కు, ఖాళీగా తళతళలాడుతోంది. జమున ఏడవడం లేదు. ఊరికే నిలబడి కుడికాలి బరువు ఎడమకాలి మీదికీ, ఎడమకాలి బరువు కుడికాలి మీదికీ మార్చుకుంటోంది. బూట్లు కొత్తగా అలవాటైన వాళ్లంతా అలాగే నిలబడతారు.

రఘునాథ్ కళ్లు కిందికి పోయాయి. ఆ బూట్ల వంక చాలాసేపు చూశాడు. ఎడమ బూటు ముక్కు మీద అడ్డంగా ఒక గీత ఉంది. అది తన చేతిలోంచి ఆకురాయి జారి పడి చేసిన గీతే.

"మడిమె గుచ్చుతందా చెల్లె?" అని అడిగాడు.

"బాపు దూది పెట్టిండన్నా."

"నాకు గూడ పెట్టిండు," అన్నాడు రఘునాథ్. "నేనే తీసేసిన. ఇజ్జత్ పోతదనుకున్న."

ఆ తరవాత అతను పొయ్యి దగ్గరికి పోయాడు. అక్కడ గరిటె పట్టుకుని అందరినీ అదలిస్తున్న ముసలమ్మ వెంకటనర్సమ్మ. రఘునాథ్ ఆమె చెవిలో ఏదో అన్నాడు. ఆమె ఒక్కసారి ఇటు చూసింది.

"ఏందిరా గుసగుస?" అని రోడ్డంతా వినపడేలా అంది. "నర్సంపేట కాడ చారుకు చింతపండు లేదని పొద్దున్నుంచి ఫోను మీద ఫోను. పంపమంటే ఒక్కడన్న కదుల్తలేడు. ఉద్యమకారులకు సప్పటి పప్పు పోస్తరా? అగో, ఆ బండి ఖాళీగనే ఉంది గద. సంచి ఏసి పంపుండ్రి."

వంట సరుకు బండిని ఎవరూ ఆపరు. అది ఆ రోజుల్లో రోడ్డు మీది కట్టుబాటు. పెళ్లివాళ్లు కూడా నోరెత్తలేదు. చింతపండు సంచి వచ్చింది. సక్రు ముందు, వెనక జమున, మధ్యలో సంచి. ఇంక చోటు లేదు.

ఎల్లస్వామి ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. రఘునాథ్ అప్పటికే ఫోనులో అంటున్నాడు: "చింతపండు బండి వస్తంది తమ్మీ. జరంత తీస్కొని ఇడువుండ్రి. ముంగటి క్యాంపులకు గూడ చెప్పు, వాళ్లకూ కావాలె గద."

"బాపూ, నువ్వు?" అంది జమున.

"నేనెందుకు బిడ్డా, నాకేమన్న పరీక్షనా? నువ్వు చేరినంక ఒక్క ఫోను చెయ్. పాదాలు రెండు సమానంగ పెట్టి నిలబడు. తొందరపడకు. ఆకురాయిని ఒత్తకు, నడిపిచ్చు. పోండ్రి పోండ్రి." ఇంకా ఏదో చెప్పాలనుకున్నాడు గానీ బండి కదిలింది. ఎడ్లబండ్ల సందులోంచి దూరి అవతల పడింది. అతను చెయ్యి ఊపబోయి, ఎందుకో ఊపలేదు.

వెంకటనర్సమ్మ విస్తరి వేసి పిలిచింది. అతను తినలేదు. వాహనం లేదు గనక మానుకోట పోయే దారీ లేదు. రోడ్డు పక్క పరిచిన పట్టా మీద కూర్చుని, ఫోను రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. నర్సంపేటలో ఆపి ఉంటారా? అడవిలో బండి టైరు పోతే? పిల్ల మేనమామే కదా, మధ్యలో బెదిరి వెనక్కి తిప్పితే? సక్రుకు ఫోను చేస్తే అందలేదు. మళ్లీ చేశాడు. అందలేదు. భూలక్ష్మికి చేశాడు. "వస్తే నేనే చేస్తనన్నా, నువ్వు పరేషాన్ గాకు" అంది ఆమె. చెమట పట్టింది. డిసెంబరు చలిలో చెమటేమిటని తనే ఆశ్చర్యపోయాడు. మైకులో పాటలు, చుట్టూ నవ్వులు, పిల్లలు కంచాలు పట్టుకుని పరుగులు. అతనికి మాత్రం కాజీపేట గేటు కనిపిస్తోంది.

పొద్దు వాలాక ఫోను మోగింది. చేతుల్లోనే ఉన్నా తీయడానికి తడబడ్డాడు.

"బాపూ, చేరిన. భూలక్ష్మత్త ఇంట్లనే ఉన్న." జమున గొంతులో మొదటిసారి నవ్వు వినిపించింది. "క్యాంపు క్యాంపుకు చింతపండు అడిగిన్రు. ఉట్టి సంచే మిగిలింది."

"కాళ్లు?"

"మంచిగనే ఉన్నయి."

"తిను బిడ్డా. తిని పండుకో."

అప్పుడు ఎల్లస్వామికి ఆకలేసింది. వెంకటనర్సమ్మ అడుగంటిన అన్నం, చల్లారిన పప్పు పెట్టింది. "అప్పుడు తినుమంటే తినకపోతివి. గిప్పుడు మాడు మిగిలింది" అని సణిగింది. అతను మాడు కూడా గోకి తిన్నాడు. చాలా బాగుందన్నాడు. డేగిశాలు కడిగే దాకా కాసేపు నడుము వాలుస్తానని పట్టా మీద పక్కకు ఒరిగాడు. బందు ముగిసింది. ఎడ్లబండ్లు పక్కకు జరిగాయి, ఆగిన లారీలు ఒక్కొక్కటీ కదిలాయి. మానుకోట పోయే ట్రాక్టరు వచ్చిందని రఘునాథ్ అతన్ని లేపడానికి వచ్చాడు. భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. తరవాత తన మెడలోని కండువా తీసి, మెల్లగా అతని మీద కప్పాడు.

ఎల్లస్వామి పదొద్దుల కర్మ అయిన మర్నాడు జమున మానుకోట వచ్చింది. సత్తమ్మ దగ్గర చాలాసేపు కూర్చుని, అక్కడి నుంచి వర్క్‌షాపుకు నడిచింది. కొత్త అటెండరు తలుపు తీసి ఊడుస్తున్నాడు. ఆమె కాళ్లకు కార్ఖానా వాళ్లు ఇచ్చిన కొత్త బూట్లు ఉన్నాయి. సంచిలోంచి పాత బూట్లు తీసి, ముక్కుల్లోని గుడ్డ లాగేసి, అలమరలో ఉన్న ఆముదం సీసా అందుకుని, గుడ్డపేలికతో మడమలు రుద్దింది. తోలు వేలి కింద దిగి మెల్లగా లేచేదాకా రుద్దింది. పైఅరలో పెట్టింది. కళ్లు తుడుచుకుంది.

"నీయేనా చెల్లె గీ చెప్పులు?" అని అడిగాడు కొత్త అటెండరు గడప వైపు చూపిస్తూ. "ఎవలియో తెల్వక పారేద్దామనుకున్న. తొడుక్కపో."

"ఉండనీ అన్నా," అంది జమున.

వాటిని తొక్కకుండా దాటి, కొత్త బూట్లు కిర్రుమంటుండగా గేటు వైపు నడిచిపోయింది. గడప పక్కన నీలం చెప్పులు రెండూ అలాగే ఉన్నాయి, ఇనుప రజను పట్టి, పట్టీ కింద పిన్నీసు కొద్దిగా తుప్పెక్కి.